ముద్ర విప్పినవారి సంతకం

శనివారం

అక్కా,

నువ్వు కుట్టి పంపిన బట్టలు అందాయి. భుజాల దగ్గర చక్కగా సరిపోయాయి. నన్ను చూసి మూడేళ్లయినా నా కొలత నీకు గుర్తుంది. ఇంతవరకు రాసి, "నేను క్షేమం" అని ముగించి, కాగితం మడిచాను. మళ్లీ విప్పి చించేశాను. ఇది రెండో కాగితం.

నాకు భయంగా ఉంది. నువ్వు నవ్వుతావని తెలుసు. బల్లిని చూసినా, క్లాసులో ఎవరైనా నా పేరు పిలిచినా ఉలిక్కిపడే పిచ్చుకను నేను. ఇప్పుడు కొత్తగా ఏమొచ్చిందంటావు. కొత్తగా వచ్చిందేమిటంటే, ఈసారి నా మూలంగా నలభై ఒక్కమంది పిల్లలు భయపడాల్సి వస్తుంది. వాళ్లకి ఆ సంగతి ఇంకా తెలియదు. నా ఒక్కదానికే తెలుసు.

మొదటి నుంచి చెబుతాను. తొమ్మిదో తరగతి పుస్తకంలో శాసనసభ మీద ఆరు పేజీల పాఠం ఉంది. చదివించి, ప్రశ్నలకు జవాబులు రాయించి, మార్కులు వేసేస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కానీ శిక్షణలో నేను చదివిన పుస్తకాల్లో, ప్రభుత్వం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడం కాదు, చేయించి చూపాలి అని ఉంది. పుస్తకంలో ఉన్నదల్లా నమ్మే జబ్బు నాకుంది కదా. బెంచీలు రెండు వరసలుగా ఎదురెదురుగా జరిపించి, నడుమ నా బల్ల పెట్టి, ప్రతి బుధవారం ఆఖరి పీరియడ్‌లో నమూనా శాసనసభ మొదలుపెట్టాను.

ఈ మాట స్టాఫ్ రూములో లెక్కల మేడమ్ చెవిన పడింది. "శాసనసభా? మన పిల్లలతోనా? నా క్లాసులో ఏడెనిమిదులెంత అంటే నోట్లో నీళ్లు పోసుకున్నట్టు కూర్చుంటారు. వాళ్ల చేత చట్టాలు చేయిస్తావా తల్లీ!" అని నవ్వింది.

మొదటి రెండు వారాలు ఆవిడ మాటే నిజమైంది. తర్వాత ఏదో కదిలింది. అందరికన్నా పొడుగ్గా ఉండే పిల్లను స్పీకర్‌గా ఎన్నుకున్నారు. ఆ పిల్ల డస్టర్‌తో బల్ల మీద కొట్టి, "గౌరవ సభ్యులు నోరు మూసుకోవాలి" అనేది. అలా అనకూడదమ్మా, శాంతించాలి అనాలి అన్నాను. "శాంతించమంటే వినరు మేడమ్, మూసుకోమంటేనే వింటారు" అంది. ఎదుటి వరసకు నాయకురాలు ఒక బక్కపిల్ల. రేపు సెలవు అని చెప్పినా లేచి "ఎందుకు?" అని అడిగే రకం. ఇప్పుడు బడంతా ఆ పిల్లను "ప్రతిపక్షం" అనే పిలుస్తోంది. లైబ్రరీ వేళలు పెంచాలని ఒక తీర్మానం చేశారు. గంట కొట్టాక పాఠం చెప్పే టీచర్లకు జరిమానా వేయాలని ఇంకొకటి. రెండోది ఒక్క ఓటుతో వీగిపోయింది. ఆ సాయంత్రం నేను గదికి పాడుకుంటూ వెళ్లాను. నేను, పాడుకుంటూ!

పోయిన నెల ఒక బుధవారం ప్రశ్నల సమయంలో ప్రతిపక్షం లేచింది. "ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా హాస్టల్ పడకగది తలుపుకు బయటి నుంచి తాళం ఎందుకు వేస్తున్నారో ప్రభుత్వం చెప్పాలి."

నేను బయట గది తీసుకుని ఉంటున్నాను అక్కా. నాకు తెలియదు. రెండో అంతస్తు, కిటికీలకు ఊచలు, లోపల ముప్పై నాలుగు మంది. హాస్టల్ మంత్రి అయిన పిల్ల నా వైపు చూసి, లేచి, "వార్డెన్ గారు బజారు పనిమీద వెళ్తారు కాబట్టి" అంది.

"కింద వంటగదిలోంచి పొగ వస్తే?"

"ఆమధ్య వచ్చింది కదా" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

"వస్తే ప్రభుత్వం ఏం చేసింది?"

మంత్రి మళ్లీ లేచింది. "కిటికీ దగ్గర నిలబడి దగ్గాం."

ఎవరూ నవ్వలేదు. తాళం వేయకూడదని తీర్మానం పెట్టారు. అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. అంతసేపు మాట్లాడినవాళ్లు కూడా చేతులు బెంచీ కిందికి దాచేసుకున్నారు. అప్పుడు నేను, వచ్చే వారం రహస్య ఓటింగ్ పెడదాం అన్నాను. "ఎవరు ఎటు వేశారో ఎవరికీ తెలియదా మేడమ్?" "తెలియదు." "మీక్కూడా?" "నాక్కూడా." "మాటేనా?" "మాటే" అన్నాను.

ఇక్కడే నా తెలివి చూడు. ఎన్నికల అధికారుల కోసం వేసిన చేతిపుస్తకం ఒకటి తెచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాను. ప్రతి ఓటు చీటీకి ఒక నంబరు వేశాను. చీటీ చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క మీద కూడా అదే నంబరు వేసి, ఆ పక్కన ఓటరు చేత సంతకం చేయించాను. ఓట్లు లెక్కపెట్టాక చీటీలు ఒక కట్ట, ఆ ముక్కలు ఇంకో కట్ట కట్టి, దారం చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాను. అనుకూలం ఇరవై తొమ్మిది, వ్యతిరేకం పది. చెల్లనివి రెండు, ఒకదాని మీద పువ్వు బొమ్మ ఉంది. ఫలితం బోర్డు మీద రాసి, చెరపడం మరిచిపోయి వెళ్లాను. సాయంత్రం వార్డెన్ అటు వచ్చి చూసింది.

నిన్న పెద్ద మేడమ్, అంటే మా హెడ్‌మిస్ట్రెస్, పిలిచారు. వార్డెన్ పక్కనే నిలబడి ఉంది. పెద్ద మేడమ్ కోప్పడలేదు. "చాలా బాగా చేయిస్తున్నారట. ఓటింగ్ ఎలా జరిపారో చెప్పండి, వింటాను" అన్నారు. అక్కా, నేను పరీక్షలో జవాబు చెప్పినట్టు అంతా చెప్పాను. నంబర్లు, సంతకాలు, లక్క, అన్నీ. మెచ్చుకుంటారనుకున్నాను.

"అంటే రెండు కట్టలూ విప్పి పక్కపక్కన పెడితే ఏ చీటీ ఎవరిదో తెలిసిపోతుందన్నమాట" అన్నారు ఆవిడ.

అప్పుడు అర్థమైంది నాకు. అంతవరకు నిజంగా తట్టలేదు.

"ఆ క్లాసులో ఫ్రీ సీటు పిల్లలు పదకొండు మంది ఉన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లకి వచ్చే ఏడాది సీటు ఇవ్వాలా వద్దా అనేది మేము చూసుకోవాలి కదా. వచ్చే శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం కరస్పాండెంట్ గారు వస్తున్నారు. కట్టలు తెచ్చి ఆయన ముందు పెట్టండి."

నేను "సరే మేడమ్" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతట అదే అనేసింది.

ఇది చదివి వెంటనే ఏమీ రాయకు. నాకింకా ఆలోచన తెగలేదు.

నీ పిచ్చుక


బుధవారం

అక్కా,

ఆలోచన తెగింది. కట్టలు ఇచ్చేస్తాను.

నన్ను తిట్టేముందు ఈ నాలుగు రోజులు ఎలా గడిచాయో విను. కట్టలు స్టాఫ్ రూములో నా బీరువాలో ఉన్నాయి. తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతున్నాను. పాఠం చెబుతూ చెబుతూ మెడ తడుముకుంటున్నాను. వార్డెన్ ఇప్పుడు నా క్లాసు గుమ్మం దగ్గర వచ్చి నిలబడుతోంది. లోపలికి రాదు, ఏమీ అనదు. ఆవిడ చెప్పుల చప్పుడు వరండాలో వినగానే నా చేతిలో సుద్దముక్క విరుగుతోంది. నిన్న మూడుసార్లు విరిగింది. ముందు బెంచీ పిల్ల లేచి కొత్త ముక్క ఇచ్చి, "జ్వరమా మేడమ్?" అని అడిగింది.

తిండి సయించడం లేదు. పొద్దున స్పీకర్ ఎదురుపడి, గొంతు తగ్గించి, "మేడమ్, కట్ట జాగ్రత్తగా ఉందా?" అంది. ఉందన్నాను. నిజమే, ఉంది. నా గొంతులో ఏం కనిపెట్టిందో గాని, కాసేపు నన్నే చూసి వెళ్లింది.

లెక్కల మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. "ఇచ్చెయ్. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోకు. నీ ప్రొబేషన్ ఇంకా నాలుగు నెలలుంది. రేపు వీళ్లు ఒక్క ముక్క చెడ్డగా రాసి పంపితే ఏ బడివాళ్లూ నిన్ను గడప తొక్కనివ్వరు. పిల్లలంటావా, ఏడాదికో క్లాసు వస్తుంది, పోతుంది" అంది. చెడ్డ మనిషి కాదు. నా కోసమే చెప్పింది.

ఇరవై తొమ్మిది మందిలో ప్రతిపక్షం ఉంటుందని కట్ట విప్పకుండానే చెప్పొచ్చు. ఆ పిల్లది ఫ్రీ సీటు. ఇంటి దగ్గర ఒక మేనమామ ఉన్నాడు, లారీ తోలుతాడు, నెలకోసారి ఇల్లు చేరతాడు. ఇక్కడి నుంచి పంపేస్తే ఆ పిల్ల వెళ్లడానికి ఇల్లంటూ లేదు. ఇవన్నీ తెలిసే ఇస్తానంటున్నాను.

ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే పదిహేనేళ్లుగా నీ దగ్గర దాచింది చెప్పాలి. ఈ ఉత్తరం రాయడం అందుకే. మొదటిది కూడా అందుకే మొదలుపెట్టాను, చేతకాలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నీకు పద్నాలుగు. కాన్వెంట్‌లో తాగే నీళ్ల తొట్టిలో పురుగులున్నాయని, పిల్లలకు కడుపునొప్పులు వస్తున్నాయని తనిఖీ అధికారికి ఎవరో సంతకం లేని ఉత్తరం రాశారు. ఆయన దాన్ని మదర్‌కి పంపేశాడు. ఆ రోజు నన్ను కుట్టుపని క్లాసులోంచి లేపి మదర్ గదికి తీసుకెళ్లారు. ఆ గదిలో మైనం వాసన. నేల అద్దంలా ఉండేది, జారిపడతానని భయపడుతూ నడిచాను. మదర్ నన్ను దగ్గరికి పిలిచి, ఉత్తరం చూపించి, "ఈ చేతిరాత నీకు తెలుసు కదూ, బంగారూ?" అంది.

"మా అక్కది" అన్నాను.

కొట్టలేదు అక్కా. బెదిరించలేదు కూడా. ఒక్కసారే అడిగింది. నేను చెప్పేశాను. మంచిపిల్లవు అని తల నిమిరింది. వారం తిరక్కుండా నీ పెట్టె సర్దారు. నువ్వు కుట్టు మిషను ముందు కూర్చున్నావు. నేను అదే కాన్వెంట్‌లో ఇంకా ఏడేళ్లు చదివి, ప్రతి ఏడాదీ మొదటి బహుమతి తెచ్చుకున్నాను. సెలవుల్లో ఇంటికి వస్తే నువ్వు నా పుస్తకాలకు అట్టలు వేసి ఇచ్చేదానివి.

నేను అలాంటిదాన్ని. అడిగితే చెప్పేసేదాన్ని. తొమ్మిదేళ్లప్పుడు ఒక్క నిమిషం ఆగలేనిదాన్ని, ఇరవై నాలుగేళ్లకి ఎక్కణ్ణుంచి తెచ్చుకోను ధైర్యం? వచ్చే వారం శుక్రవారం ఆ గదిలోకి వెళ్తాను, అడుగుతారు, ఇచ్చేస్తాను. ముందే ఒప్పుకుంటే కనీసం ఈ పది రోజులైనా నిద్ర పడుతుందేమో.

నువ్వు నన్ను క్షమించాలని రాయడం లేదు. నీకు తెలియాలని రాస్తున్నాను.

నీ చెల్లెలు


ఆదివారం

ఒసే పిచ్చుకా,

నాకు నీలాగా పేరాలు పేరాలు రాయడం రాదు. కొట్లో గిరాకీ లేని గంట చూసుకుని రాస్తున్నాను, తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దుకో.

నువ్వు చెప్పావని నాకు తెలుసే. ఎలా తెలుసంటే, ఆ గదికి అటు పక్క చిన్న గది ఉండేది, ప్రార్థన పుస్తకాలు పెట్టేవాళ్లు చూడు, నేను అందులో ఉన్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. నువ్వన్న మాట నా చెవులారా విన్నాను.

అసలు సంగతి అది కాదు. అంతకు గంట ముందు నేనే వెళ్లి మదర్‌తో చెప్పాను, ఆ ఉత్తరం నాదేనని. వేరే పిల్లని, పాపం, చేతిరాత కాస్త నాలాగే ఉందని మోకాళ్ల మీద నిలబెట్టారు. చూడలేక చెప్పేశాను. మదర్ ఏమందో తెలుసా? "నువ్వేనని నాకు ముందే తెలుసు. నీ చెల్లెలు అబద్ధం ఆడుతుందో లేదో చూద్దాం" అంది. నన్ను ఆ గదిలోకి పంపి, నిన్ను పిలిపించింది.

అర్థమైందా? నువ్వు చెప్పినా, చెప్పకపోయినా నా పెట్టె సర్దేవాళ్లే. వాళ్లకి నా పేరు అక్కర్లేదు, అప్పటికే ఉంది. నీ నోటితో చెప్పించాలి, అంతే. నీ నోటితో వస్తే ఇక జన్మలో నువ్వు నోరెత్తవు. తొమ్మిదేళ్ల పిల్లకి ఒక్క ప్రశ్నతో తాళం వేసిందే ఆవిడ. ఏడేళ్లు మొదటి బహుమతులు ఊరికే ఇచ్చారనుకున్నావా?

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. రెండు రోజులు నీతో మాట్లాడలేదు. జ్వరమన్నాను, జ్వరమూ లేదు గిరమూ లేదు. తర్వాత నిన్ను అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశానే, ఆ కోపం నా మీద. అది ఇప్పటికీ పోలేదు. నువ్వు మరిచిపోయి ఉంటావులే, చిన్నపిల్లలు మరిచిపోతారు అనుకుని నోరు మూసుకున్నాను. నువ్వు మరవలేదని ఇప్పుడు చెబుతున్నావు. మనిద్దరం మనిద్దరమే, మూగదానికి చెవిటిది తోడు.

ఇప్పుడు మీ పెద్ద మేడమ్ మాట. వార్డెన్‌కి ఏ పిల్ల ఏమంటుందో తెలియదూ? రోజూ వాళ్లతో ఉండే మనిషి. పేర్లు ఈపాటికి కాగితం మీద ఉండి ఉంటాయి. వాళ్లకి కావలసింది నీ చెయ్యి. మేము కాదు, మీ టీచరే ఇచ్చింది అని పిల్లలకి చెప్పుకోడానికి. ఆ తర్వాత ఆ పిల్లలు ఏ టీచర్ మాటైనా నమ్ముతారా?

ఇవ్వకు అని నేను చెప్పను. అక్కడ నిలబడేది నువ్వు, నేను కాదు. ఉద్యోగం పోతే మాత్రం ఏడుస్తూ కూర్చోకు. ఇక్కడ రెండో మిషను ఖాళీగా ఉంది. నీకు కుట్టు రాదు, గుండీలు కుట్టు.

అక్క


మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం గురువారం అందింది. వరండాలో నిలబడి చదివాను. చదివాక కూడా భయం పోలేదు. పోతుందనుకున్నాను. ధైర్యం వచ్చినవాళ్ల గురించి చదివినప్పుడల్లా భయం పోయాక ధైర్యం వస్తుందనుకునేదాన్ని. అలా ఏమీ కాదు. అది నాతోనే ఆ గదిలోకి వచ్చింది.

గురువారం సాయంత్రమంతా ఆ చేతిపుస్తకం మళ్లీ తిరగేశాను. ఈసారి వెనక పేజీలు. ముద్ర వేసిన కట్టలు విప్పాలంటే ఏం చేయాలో అక్కడుంది. ఎవరు విప్పారు, ఏ తేదీన, ఏ కారణంతో, ఎవరి ఎదుట అన్నది పుస్తకంలో రాసి, విప్పినవారు కింద సంతకం చేయాలి. నేను ఆ పేజీ వదిలేశాను, ముద్ర విప్పే అవసరం వస్తుందని తట్టక.

శుక్రవారం పదకొండింటికి వెళ్లాను. కరస్పాండెంట్ గారు నెమ్మదైన మనిషి, వయసు మీద పడ్డవారు. అద్దం పరిచిన బల్ల వెనక కూర్చుని టీ తాగుతున్నారు. పెద్ద మేడమ్ ఆయన పక్కన, వార్డెన్ కిటికీ దగ్గర. పెద్ద మేడమ్ చేతి కింద ఒక కాగితం ఉంది. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. పేర్లు, నిలువుగా. కొన్నిటి ఎదుట టిక్కులు. మొదటి పేరు ప్రతిపక్షానిది. నువ్వు చెప్పింది నిజమేనని తెలిసి నాకు ధైర్యం రాలేదక్కా.

రెండు కట్టలూ బల్ల మీద పెట్టాను. వాటి పక్కన మా సభలో జరిగింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకం తెరిచి పెట్టాను. పొద్దున్నే అందులో ఒక పేజీ రాసుకుని వెళ్లాను.

"ఇదేమిటి?" అన్నారు పెద్ద మేడమ్.

"ముద్ర విప్పేముందు రాయాల్సింది మేడమ్." నా గొంతు నాకే వినబడలేదు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

ఆయన పుస్తకం తన వైపు తిప్పుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. "ముద్ర విప్పిన తేదీ. విప్పినవారి పేరు, ఖాళీ. కారణం: ఆదివారం మధ్యాహ్నాలు ముప్పై నాలుగు మంది పిల్లలున్న రెండో అంతస్తు గదికి బయటి నుంచి తాళం వేయకూడదని కోరినవారు ఎవరో..." అక్కడ ఆగిపోయారు. మిగతాది మనసులో చదువుకున్నారు. మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు.

"ఇదంతా రాయాలా అమ్మా?"

"నియమం సర్."

"పిల్లలాట కదా."

"ఆటే సర్. ఆటైతే ఈ చీటీలతో పనేముంది? పనుందంటే నియమం కూడా ఉంటుంది కదా సర్." ఇది నేనన్నానంటే నువ్వు నమ్మవు. ఏడుపు గొంతుతో అన్నాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఇంకోటి కూడా అన్నాను: "నేను విప్పను సర్. విప్పేవారు సంతకం చేసి విప్పుకోవచ్చు. కత్తెర తెచ్చాను."

నిజంగానే తెచ్చాను. నువ్విచ్చిన చిన్న కత్తెర.

కత్తెర బల్ల మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆయన పెద్ద మేడమ్ వైపు చూసి, "మీరు చేయండి" అన్నారు. "మీరుండగా నేనెలా చేస్తాను సర్" అన్నారు ఆవిడ. ఆయన వార్డెన్‌ని చూశారు. "నాకు కళ్లజోడు లేదు సార్, కనపడదు" అంది వార్డెన్. కళ్లజోడు ఆవిడ మెడలోనే వేలాడుతోంది.

అప్పుడు చూశాను అక్కా, ఆ గదిలో భయం నా ఒక్కదానికే లేదు. ఆయన ఆ పేజీని పూర్తిగా మూయకుండా, తెరిచీ ఉంచకుండా, వేలు పెట్టి పట్టుకున్నారు. తర్వాత పెద్ద మేడమ్‌ని అడిగారు: "తాళం వేస్తున్న మాట నిజమేనా?" ఆవిడ తన చేతి కింది కాగితాన్ని బోర్లించారు. "క్రమశిక్షణ కోసం సర్" అన్నారు. ఆయన నా వైపు చూడకుండానే "కట్టలు తీసుకెళ్లమ్మా" అన్నారు.

బయటికొచ్చి వరండా చివర కుళాయి దగ్గర వాంతి చేసుకున్నాను. గెలిచినవాళ్లు ఇలా ఉంటారని నేనెక్కడా చదవలేదు.

నిన్న నాకొక కాగితం ఇచ్చారు. పరీక్షలయ్యాక నా సేవలు అవసరం లేదట. కారణం రాయలేదు. మొన్న ఆదివారం తలుపుకు తాళం పడలేదు. వార్డెన్ బజారుకు వెళ్లకుండా తలుపు బయట కుర్చీ వేసుకుని మూడు గంటలు కూర్చుందట. పద్ధతి మారిందని ఎవరూ ఎక్కడా చెప్పలేదు, రాయలేదు. పదకొండు ఫ్రీ సీటు ఫారాలూ సంతకమై వచ్చాయని ఆఫీసు గుమాస్తా లెక్కల మేడమ్‌కి చెప్పాడు. ఆవిడ నా డబ్బా తెరిచి, తన భోజనంలో సగం అందులో పెట్టి, "మొండిఘటానివే నువ్వు, తెలియలేదు నాకు" అంది.

ఇక ఒక్కటే మిగిలింది. అన్నిటికన్నా దానికే ఎక్కువ భయపడ్డాను. బుధవారం దాకా ఆగలేక, నిన్నే ఆఖరి పీరియడ్ అడిగి తీసుకుని, సభ సమావేశపరిచాను. పిల్లలకు చెప్పేశాను. మీ ఓటు రహస్యమని మాటిచ్చాను, అది నిజం కాదు, నంబర్ల వల్ల ఎవరు ఎటు వేశారో తెలుసుకోవచ్చు, ఆ తప్పు నాది అన్నాను. శుక్రవారం జరిగింది కూడా చెప్పాను. మొదట సరే అన్న సంగతి దాచలేదు.

నా మీద జాలిపడతారనో, మెచ్చుకుంటారనో లోపలెక్కడో ఆశ ఉందని అప్పుడు తెలిసింది. ముందు బెంచీ పిల్ల, సుద్దముక్క ఇచ్చిన పిల్ల, తల దించుకుంది. ప్రతిపక్షం లేచింది.

"అధ్యక్షా, మేడమ్‌కి పదిహేడు రోజుల కిందటే తెలిసింది. మాకు ఇవాళ చెబుతున్నారు. ఈ పదిహేడు రోజులూ మేము ఆవిడ క్లాసులో నవ్వుతూ కూర్చున్నాం. ఆవిడ ఇచ్చేసి ఉంటే మాకు తెలిసేది కూడా కాదు. టీచర్ మీద అభిశంసన తీర్మానం ప్రతిపాదిస్తున్నాను."

ఆ పాఠం నేనే చెప్పాను, పోయిన నెల. స్పీకర్ నా వైపు చూసింది. టీచర్ మీద తీర్మానం చెల్లుతుందో లేదో తెలియక కాదు, పెట్టమంటారా వద్దంటారా అని. తల ఊపాను.

"రహస్య ఓటా మేడమ్?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపు వెనక బెంచీల్లోంచి ఎవరో "అక్కర్లేదు" అన్నారు. ఇంకెవరో "చేతులే" అన్నారు.

అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి అంది స్పీకర్. ఒకరినొకరు చూసుకోలేదు అక్కా. అటూ ఇటూ చూసి, పక్కదాని చెయ్యి లేచాక తమది లేపలేదు. ఒక్కసారే లేచాయి. వరండాలో వార్డెన్ చెప్పుల చప్పుడు వినబడింది, గుమ్మం దగ్గర ఆగింది. ఒక్క చెయ్యి కూడా దిగలేదు.

లెక్కపెట్టాల్సింది నేనే కాబట్టి, లేచి, రెండు వరసల నడుమ నడుస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాను. కళ్లు మసకబారి ఒకసారి తప్పాను. ప్రతిపక్షం "మళ్లీ లెక్కపెట్టండి మేడమ్, తొందరేం లేదు" అంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ముప్పై ఆరు.

నీ పిచ్చుక